పంపు దగ్గర రెండో చప్పుడు

ఆ చేతిపంపు దగ్గర చీకటి పడ్డాక ట్రైలర్‌తో ఆగకూడదంటారు.

ఎగువ మిషిగన్‌లో రెండు ఊళ్ళ మధ్య ఒక్క వంపు కూడా లేకుండా సాగే రోడ్డు ఉంది. అటూ ఇటూ చిత్తడి. నల్లటి నీళ్ళు, నాచు, చచ్చీ చావకుండా నిలబడ్డ సన్నటి టామరాక్ చెట్లు. ఇల్లు లేదు, దీపం లేదు. సగం దారిలో రోడ్డు పక్కన గులకరాళ్ళు పోసిన కాస్త జాగా, ఒక చెక్కబల్ల, ఒక ఇనప చేతిపంపు. దాని నీళ్ళు తుప్పు వాసన వేస్తాయి. కానీ పళ్ళు జివ్వుమనేంత చల్లన.

కారు వెనక కట్టి లాక్కెళ్ళే చక్రాల గది లాంటి ట్రైలర్‌ని అక్కడ ఆపి, బయట నిలబడి గోడ మీద తట్టితే... లోపల ఎంతమంది ఉన్నారో అంతకన్నా ఒక చప్పుడు ఎక్కువ వినిపిస్తుందట.

లోపల ఒకరుంటే రెండు. ఇద్దరుంటే మూడు. లోపల ఎవరూ లేకపోతే — ఒకటి.

వేటగాళ్ళు చెబుతారు. కలప లారీల డ్రైవర్లు చెబుతారు. పెద్ద వంతెన దాటి దక్షిణం నుంచి చేపల కోసం వచ్చే వేసవి జనం విని, ఊళ్ళకు పట్టుకెళ్ళి, ఇంకాస్త కలిపి చెబుతారు. అయితే స్వయంగా విన్నానన్నవాడు ఒక్కడూ దొరకడు. ఒకడి బావమరిది విన్నాడు. ఇంకొకడి పాత యజమాని విన్నాడు.

తన చెవులతో విన్నానని చెప్పిన మనిషి ఒక్కడే. పేరు ఆర్వో కంగస్. పోయేదాకా ఆ ఒక్క మాట మీదే నిలబడ్డాడు. ఊళ్ళో నమ్మినవాళ్ళు తక్కువ. ఇంట్లో అసలే లేరు.

ఆర్వో కూతురు ఐలీ. అరవై దాటిన మనిషి. స్కూలు బస్సు నడిపి రిటైరయింది. మొగుడు గ్లెన్ చలికాలమంతా రోడ్ల మీద మంచు తోసే బండి నడిపేవాడు. ఇప్పుడు అతనూ ఇంటిపట్టునే. ఒక వసంతంలో ఇద్దరూ పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లో ఒక పొలానికి వెళ్ళారు. అక్కడ ఓపల్ అనే ముసలావిడ గడ్డి కోసే యంత్రం అమ్ముతోందని ఎవరో చెప్పారు.

యంత్రం బాగానే ఉంది. గ్లెన్ దాన్ని తిరగేసి బ్లేడు చూస్తున్నాడు. ఐలీ ఊసుపోక కొట్టంలోకి తొంగి చూసింది.

గడ్డిమోపుల వెనక ఒక గుండ్రటి వీపు కనిపించింది.

తెల్ల రేకు. నడుం చుట్టూ ఆకుపచ్చ పట్టీ. ముందూ వెనకా గుండ్రంగా, పక్కలు చదునుగా. మాంసం డబ్బా అని జనం ఎగతాళి చేసే రకం ట్రైలర్. ఐలీ చిన్నప్పుడు వాళ్ళ ఇంట్లో ఉండింది అచ్చం ఇదే. అదే కార్ఖానాలో చేసినదే, ఆ ఏళ్ళదే. పట్టీ రంగు కూడా అదే.

తలుపు లాగింది. ముందు వాసన వచ్చింది. బర్చ్ చెక్క, కలరా ఉండలు, గీసిన అగ్గిపుల్లలు, ఎక్కడో అడుగున ఎప్పుడో వేయించిన చేప. ఆ వాసన వెనకే మిగతావన్నీ వచ్చాయి — మోకాళ్ళ మీద దోమకాట్లు, నాన్న చేతుల గ్రీజు, పొద్దెక్కకముందు సరస్సు మీద పొగ.

గోడకున్న రెండంతస్తుల పడకలో కింది పక్క మీద కూర్చుని, చూడకుండానే చెయ్యి పైకి చాచింది. పై పక్క కాన్వాసు తను అనుకున్నచోటే వేళ్ళకు తగిలింది. వాళ్ళ బండిలో అక్కడ పడుకునేవాడు ఆమె అన్న రస్టీ. వాడి బరువుకు కాన్వాసు కిందికి దిగి, ఆమె ముఖం మీద చిన్న మబ్బులా వేలాడేది.

ఓపల్ రబ్బరు బూట్లేసుకుని వెనకే వచ్చింది. మా ఆయన పోయాక దీన్ని బయటికి తీసినవాళ్ళు లేరంది. అమ్మే ఉద్దేశం లేదంది. తర్వాత ఐలీ ముఖం చూసి, అమ్ముతానంది. పొయ్యి పక్కన గోడలో పొగ పోయే కంత, బయటివైపు దానికి రేకుమూత, మూతకో కొక్కెం చూపించింది.

"వంట చేసేటప్పుడు బయటికెళ్ళి ఈ కొక్కెం తీయాలి. అయ్యాక మళ్ళీ వేయాలి. మరిచిపోయావో, దారిలో మూత ఊడి గాలికి కొట్టుకుపోతుంది."

"తెలుసండీ" అంది ఐలీ. "వంట చేసినవాళ్ళ పని అది. మా ఇంట్లో అమ్మ వేసేది."

గ్లెన్ కొట్టం గుమ్మంలో నిలబడి తల గోక్కున్నాడు. "గడ్డి కోసే యంత్రానికని వచ్చాం. ఇల్లు కొంటున్నావు. ఇక గడ్డెవరు కోస్తారు?"

"మేకను కొను."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె ఏదీ ఇంత తొందరగా కొనలేదు. చిన్నప్పటి మోజు, పోనీలే అనుకున్నాడు గ్లెన్. సగం నిజమే. మిగతా సగం ఆమె ఇంటిదాకా చెప్పలేదు.

మిగతా సగం ఇది.

ఆ రోజుల్లో పిల్లల్ని ట్రైలర్‌లోనే ఎక్కించి లాక్కెళ్ళేవాళ్ళు. ఇప్పుడైతే పోలీసులు ఊరుకోరు. అప్పుడు అడిగేవాడు లేడు. పెద్దవాళ్ళు ముందు కారులో, పిల్లలు వెనక ట్రైలర్‌లో పక్కల మీద దొర్లుతూ. కారుకీ ట్రైలర్‌కీ మధ్య మాట వినపడదు.

ఆ చిత్తడి ప్రాంతంలో వేసవి అంటే దోమలు. మామూలు దోమలు కావు. సాయంత్రం ఒక్క నిమిషం తలుపు తెరిచి ఉంచితే రాత్రంతా నిద్ర ఉండదు. అందుకే ఆర్వో ఒక పద్ధతి పెట్టాడు. బయల్దేరే ముందు తలుపు తీయడు. బయట నిలబడి గోడ మీద రెండుసార్లు తడతాడు. లోపలి నుంచి పిల్లలు ఒక్కొక్కరూ ఒక్కొక్కసారి తిరిగి తట్టాలి. రెండు వినిపిస్తే ఇద్దరూ ఉన్నట్టు. ఆ దారిలో తిరిగే చాలా ఇళ్ళల్లో ఏదో ఒక రకంగా ఇదే పద్ధతి.

ఒక ఆగస్టు సాయంత్రం వాళ్ళు పంపు దగ్గర ఆగారు. ఐలీ తల్లి సిల్వియా కాఫీ కాచింది. అందరూ నీళ్ళు తాగారు. చీకటి పడుతోంది. సిల్వియా వెళ్ళి ముందు సీట్లో కూర్చుని కారు కిటికీ అద్దం ఎత్తుకుంది. ఆర్వో ట్రైలర్ గోడ మీద తట్టాడు. బయల్దేరాడు.

సరస్సు దగ్గర క్యాంపుకు చేరి తలుపు తీసేసరికి లోపల ఐదేళ్ళ ఐలీ ఒక్కతే నిద్రపోతోంది.

రస్టీకి ఎనిమిదేళ్ళు. వాడి పిడి ఉన్న రేకు గ్లాసు పంపు మీద మరిచిపోయి, దానికోసం మళ్ళీ దిగి ఉంటాడని తర్వాత అనుకున్నారు. ఎందుకంటే మర్నాడు పంపుకు చాలా దూరాన, వాళ్ళు వెళ్ళిన వైపే, రోడ్డు పక్క కాలవలో వాడు దొరికినప్పుడు గ్లాసు వేలికి తగిలించుకునే ఉన్నాడు. అంత దూరమూ ట్రైలర్ వెనక దీపాల వెంట పరిగెత్తాడు.

పోలీసులు ఐలీని ఒళ్ళో కూర్చోబెట్టుకుని అడిగారు. నాన్న తట్టాడా? తట్టాడు. నువ్వెన్నిసార్లు తట్టావమ్మా? ఒక్కసారి.

ఆర్వోని అడిగారు. రెండు విన్నానన్నాడు.

అంతే. ఆ రోజు నుంచి ఊరు రెండుగా చీలింది. తొందరలో సరిగా వినకుండానే వెళ్ళిపోయాడు, ఇప్పుడు కప్పిపుచ్చుకుంటున్నాడు అన్నవాళ్ళు ఎక్కువ. విన్నాడేమో... అప్పటికే పిల్లాడు మనిషి కాదేమో, అన్నవాళ్ళు తక్కువ. పంపుకు చెడ్డపేరు తెచ్చింది ఈ రెండోవాళ్ళే.

సిల్వియా మొదటివాళ్ళ వైపు. మొగుణ్ణి వదిలిపెట్టి పోలేదు. మరో యాభై ఏళ్ళు వంటింటి బల్ల దగ్గరే ఎదురెదురుగా కూర్చున్నారు. ఆమె కాఫీ పోసేది, మాట కలిపేది కాదు. ఆర్వో ట్రైలర్‌ని ఆవిరిస్నానం చేసే సావ్నా గది వెనక్కి లాక్కెళ్ళి గొడ్డలితో నరికాడు. చెక్క కాల్చాడు, రేకు పూడ్చాడు. ఇంకెప్పుడూ సరస్సుకి పోలేదు. ఏడాదికోసారి, ఎవరూ అడక్కుండానే, కాఫీ కప్పులోకి చూస్తూ అనేవాడు — "రెండు విన్నాను." సిల్వియా లేచి గిన్నెలు కడుక్కునేది.

అతను పోయి కొన్నేళ్ళయింది. కొడుకు పక్కన పెట్టమని చివర్లో అడిగాడు. రస్టీ సమాధి పక్కన చోటుంది. ఆ చోటు సిల్వియా పేర ఉంది.

"అబద్ధమాడినవాణ్ణి వాడి పక్కన పడుకోనివ్వను" అందామె. ఆ మాట మళ్ళీ మార్చలేదు.

ఆర్వో బూడిద ఉన్న చిన్న చెక్కపెట్టె ఐలీ ఇంట్లో, అలమరలో సావ్నా తువాళ్ళ వెనక ఉండిపోయింది. తువాలు తీసినప్పుడల్లా ఆమె చేతికి తగిలేది. నాన్న అబద్ధం చెప్పాడా? తెలీదు. తెలుసుకునే దారి లేదు. ఆ ఇంట్లో అందరికన్నా నిజం చెప్పింది తనే, ఒక్కసారి అని. నాన్నను ముంచింది ఆ నిజమే.

కొట్టంలో ఆ గుండ్రటి వీపు చూసినప్పుడు ఆమెకు తోచిందొక్కటే. నాన్నకు కొడుకు పక్కన చోటు దొరకదు. కనీసం ఆయన సంతోషంగా ఉన్న సరస్సుకైనా, ఆయన సంతోషంగా లాక్కెళ్ళిన బండి లాంటి దాంట్లో తీసుకెళ్ళి నీళ్ళలో కలపాలి.

తల్లికి ట్రైలర్ సంగతి చెప్పక తప్పలేదు. చిన్న ఊళ్ళో అంత వస్తువు దాగదు. సిల్వియాకు తొంభై దాటాయి. చెవులు పదును, నాలుక ఇంకా పదును. చక్కెర బిళ్ళ పంటికింద పెట్టుకుని, దాని మీదుగా కాఫీ పీలుస్తూ విన్నది.

"ఏ రంగు పట్టీ?"

"ఆకుపచ్చ."

"పై పక్క ఉందా?"

"ఉందమ్మా."

చక్కెర కరిగిపోయింది. "సరస్సుకేగా పోతారు. నేనూ వస్తా. ఇన్నేళ్ళూ ఆ రోడ్డు తప్పించి చుట్టూ తిరిగి పోయాను. చచ్చేలోపు ఒకసారి తిన్నగా పోవాలి."

పెట్టె సంగతి ఐలీ చెప్పలేదు. బయల్దేరే ముందు దాన్ని తువాల్లో చుట్టి, ట్రైలర్‌లో సింకు కింద అరలో పెట్టింది.

పొద్దున్నే వెళ్ళాలనుకున్నారు. ట్రైలర్ వెనక దీపం వెలగలేదు. గ్లెన్ తీగలన్నీ విప్పి, మళ్ళీ కట్టి, తన్ని, తిట్టి వెలిగించేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. సిల్వియా ముందు సీట్లో చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, నాకు తొంభై, నీకు తొందరేం లేదు కదబ్బాయ్, అంటూ ఉంది.

తిన్నటి రోడ్డు ఎక్కేసరికి పొద్దు వాలింది. చెట్ల నీడలు రోడ్డుకు అడ్డంగా పడుకున్నాయి. దూరాన పంపు కనిపించగానే గ్లెన్ కాలు ఇంకాస్త నొక్కాడు.

"ఆపు" అంది సిల్వియా.

"చీకటి పడుతోంది అత్తయ్యా."

"ఆ రోజూ పడింది. ఆపు."

గులకరాళ్ళు చక్రాల కింద నలిగాయి. ఇంజను ఆగింది. తర్వాత ఉన్న నిశ్శబ్దం ఎలాంటిదంటే, పంపు మూతి నుంచి రాలిన చుక్క రాయి మీద పడ్డ చప్పుడు ముగ్గురూ విన్నారు.

సిల్వియా కాఫీ కావాలంది. ఐలీ బయటి రేకుమూత కొక్కెం తీసి, లోపలికొచ్చి పొయ్యి వెలిగించింది. కాఫీపొడి ఎక్కడుందో ముసలావిడే వెతుక్కుంది. సింకు కింద అర తెరిచింది. ఒక క్షణం అలాగే ఉండి, మెల్లగా మూసింది. పొడి పై అరలో ఉందని ఐలీ అంది. అలాగా, అంది సిల్వియా.

యాలకుల రొట్టె తుంచుకుని కాఫీ తాగారు. చీకటి కిటికీల దాకా వచ్చింది. తెర మీద దోమలు గుంపులు కట్టి సన్నగా పాడుతున్నాయి. గ్లెన్ ముసలావిణ్ణి చెయ్యి పట్టి నడిపించి ముందు సీట్లో కూర్చోబెట్టి, అద్దం ఎత్తాడు. ఐలీ కప్పులు కడగడానికి ఉండిపోయింది.

కడిగింది. తుడిచింది. తర్వాత, ఎందుకో తనకే తెలీకుండా, దీపం తగ్గించి కింది పక్క మీద పడుకుంది. కాళ్ళు ముడుచుకుంటే గాని పట్టలేదు. పైన కాన్వాసు.

బయట గ్లెన్ బూట్ల చప్పుడు. కారుకీ ట్రైలర్‌కీ మధ్య బిగించిన గొలుసులు సరిచూస్తున్నాడు.

"గ్లెన్" అని గోడకు దగ్గరగా పిలిచింది. "ఒకసారి తట్టు. నాన్న తట్టినట్టు."

తర్వాత చెక్క అవతల — టక్. టక్.

ఆమె వేళ్ళు మడిచి గోడ మీద కొట్టింది. ఒక్కసారి. ఐదేళ్ళప్పుడు కొట్టినట్టే.

బూట్లు కదలలేదు. గ్లెన్ నవ్వుతాడనుకుంది. ఏదో ఒక వెక్కిరింత వస్తుందనుకుంది. రాలేదు. దోమల పాట ఒక్కటే.

అప్పుడు గోడ అవతల, చాలా దగ్గరగా, అతని గొంతు. గుసగుస.

"ఐలీ... పైన ఎవరున్నారు?"

ఆమె కళ్ళు పైకెత్తలేదు.

"ఎవరూ లేరు. ఎందుకు?"

"ఎన్నిసార్లు కొట్టావు?"

"ఒక్కసారి."

అతను ఊపిరి పీల్చడం వినిపించింది. "నాకు రెండు వినిపించాయి."

ఆమె అలాగే పడుకుంది. కాన్వాసు తన ముఖానికి జానెడు పైన ఉంది. అది కిందికి దిగి ఉందా... ముందు నుంచీ అలాగే ఉందా? ఎవరి పిల్లల బరువుకో సాగిన గుడ్డ అది. చెయ్యి ఎత్తింది. గుడ్డను తాకింది. నెమ్మదిగా పైకి నొక్కింది.

బరువు లేదు. చల్లగా ఉంది.

"మళ్ళీ తట్టు" అంది.

టక్. టక్. ఆమె ఒక్కసారి కొట్టింది.

"రెండు" అంది గ్లెన్ గొంతు. ఈసారి అందులో వెక్కిరింతకు చోటు లేదు. "ఐలీ, బయటికి రా. ఇప్పుడే రా."

అంతలో కారు తలుపు తెరుచుకున్న చప్పుడు.

ఏమీ లేదు అత్తయ్యా, లోపల కూర్చోండి, అంటున్నాడు గ్లెన్. చేతికర్ర గులకరాళ్ళ మీద పొడుచుకుంటూ రావడం ఐలీకి వినిపిస్తూనే ఉంది. ఒక పొడుపు. ఒక అడుగు. ఒక పొడుపు. ఆర్వో నిలబడ్డ చోటుకే వస్తోంది.

"ఎన్ని విన్నావబ్బాయ్?"

గ్లెన్ బూట్లు పక్కకు జరిగాయి.

"నేను తడతా. ఐలీ, అక్కడే ఉండు."

ముసలి ఎముకల తట్టు — వినీ వినపడకుండా. టక్... టక్.

ఐలీ ఒక్కసారి కొట్టింది. కొట్టాక చేతిని గుండెకు ఆనించుకుంది.

తర్వాత తల్లి గొంతు, ఐలీ ఏనాడూ వినని గొంతు, గోడను పట్టుకుని అడిగింది.

"రస్టీ...?"

ఐలీ ఇక ఉండలేకపోయింది. తలుపు తోసుకుని దిగింది. టార్చి వెలుగులో సిల్వియా రెండు అరచేతులూ రేకు మీద పెట్టి, చెంప ఆనించి నిలబడి ఉంది. దోమలు ఆమె తెల్ల జుట్టు మీద వాలుతున్నాయి. గ్లెన్ ఆమె భుజం పట్టుకుని ఉన్నాడు. అతని ముఖం సున్నం కొట్టినట్టుంది.

"ఇంకోసారి కొట్టు, ఐలీ" అంది సిల్వియా, కదలకుండా. "ఒక్కసారి."

గ్లెన్ పాతికేళ్ళు రాత్రుళ్ళు మంచులో ఒంటరిగా బండి నడిపినవాడు. భయపడ్డా చూపు తిప్పుకోని అలవాటు ఉంది. ఐలీ లోపలికెళ్ళి కొడుతున్నప్పుడు అతను టార్చి గోడ మీద నిలిపాడు.

ఐలీకి లోపల తన చప్పుడొక్కటే తెలిసింది. పక్క ఆనుకున్న చెక్క ధన్‌మని ఆమె చెవిలోనే మోగింది.

"అత్తయ్యా" అంది గ్లెన్ గొంతు. మెల్లగా. "ఇటు చూడండి."

ఐలీ మళ్ళీ దిగి వచ్చేసరికి అతను టార్చిని పొగ కంత మీద పట్టుకుని ఉన్నాడు. రేకుమూత ఇంకా సన్నగా వణుకుతోంది. కాఫీ కాచినప్పుడు తీసిన కొక్కెం అలాగే వేలాడుతోంది.

అతను తలుపులోంచి లోపలికి వంగి గోడ మీద గుద్ది చూపించాడు. ఆ లోపలి దెబ్బకు మూత ఉలిక్కిపడి పైకి లేచి, తిరిగి పడింది. టక్.

లోపల కొట్టినది ఒకటి. మూత పడింది ఒకటి. బయట నిలబడ్డవాడికి రెండు.

గ్లెన్ ఊపిరి వదిలాడు. నవ్వబోయాడు. అత్తగారి ముఖం చూసి మానేశాడు.

సిల్వియా చెయ్యి చాచి మూతను అరచేత్తో అదిమి పట్టుకుంది. "కొట్టండి" అంది. ఐలీ లోపలికి వంగి కొట్టింది. ఒకటే చప్పుడు. సిల్వియా చెయ్యి తీసింది. "కొట్టండి." రెండు.

మూడుసార్లు చేసింది. తప్పు దొరుకుతుందేమోనన్నట్టు. దొరకలేదు.

"ఆ రోజు క్యాంపుకు చేరేసరికి మన బండికి ఈ మూత లేదు" అంది చివరికి. ఎవరికీ చెబుతున్నట్టు లేదు. "దారిలో ఊడిపోయింది. చూశాను. ఆ రాత్రి మూత సంగతి ఎవరికి పట్టింది?"

ఐలీకి ఆ మాట అందడానికి ఒక క్షణం పట్టింది. కొక్కెం వేయడం ఎవరి పని? వంట చేసినవాళ్ళ పని.

"అమ్మా..."

"నేనే కాచాను కాఫీ. నేనే తీశాను కొక్కెం. దోమలు కుడుతుంటే పరిగెత్తి కార్లో కూర్చుని అద్దం ఎత్తుకున్నాను." ముసలావిడ వేలి చివరతో కొక్కేన్ని కదిపింది. అది తేలిగ్గా ఊగింది. "రెండు విన్నానన్నాడు. ఏడాదికోసారి చెప్పాడు. ఎలా వినపడింది, ఏ వైపు నుంచి అని నేను ఒక్కసారీ అడగలేదు. గిన్నెలు కడుక్కున్నాను."

చిత్తడిలో ఎక్కడో ఒక కప్ప అరిచి ఆగింది. ఐలీ తల్లి చేతిని పట్టుకుంది. ఆ చెయ్యి తిరిగి పట్టుకోలేదు, విడిపించుకోనూ లేదు.

"ఆ మనిషిని సింకు కింద పెట్టావు" అంది సిల్వియా కాసేపటికి. "గిన్నెలు తోమే పీచు పక్కన."

"సరస్సులో కలుపుదామని..."

"వీల్లేదు. వాడి పక్కన చోటుంది." కర్రను రెండో చేతికి మార్చుకుంది. "తీసుకురా. ముందు సీట్లో నా ఒళ్ళో పెట్టు. రేపు వెనక్కి పోదాం."

ఐలీ పెట్టె తెచ్చింది. తువాలు విప్పకుండానే సిల్వియా దాన్ని చంకలో ఇరికించుకుంది, బజారు నుంచి వస్తూ రొట్టె పట్టుకున్నట్టు. కానీ కారు వైపు నడవలేదు. కర్ర పొడుచుకుంటూ ట్రైలర్ తలుపు దగ్గరికి వెళ్ళింది. తలుపు బార్లా తెరిచింది. గోడకున్న గొళ్ళేనికి తగిలించింది, మళ్ళీ మూసుకోకుండా. లోపలి వెలుగు మెట్టు దిగి, గులకరాళ్ళ మీదుగా పంపు దాకా పాకింది.

"దోమలొస్తాయి అత్తయ్యా" అన్నాడు గ్లెన్, అలవాటు కొద్దీ.

"రానీ."

వచ్చాయి. వెలుగును పట్టుకుని గుంపులు గుంపులుగా వచ్చాయి. దీపం చుట్టూ, కింది పక్క మీద, పై పక్క కాన్వాసు మీద, కడిగి బోర్లించిన కప్పుల మీద. ముగ్గురి ముఖాల మీదా వాలాయి. ఎవరూ చెయ్యి విసరలేదు.

సిల్వియా రోడ్డు వైపు తిరిగింది. వెనక వదిలి వచ్చిన చీకటి వైపు కాదు. ట్రైలర్ పోవలసిన వైపు, వాడు పరిగెత్తిన వైపు. అన్నానికి పిలిచినంత మామూలుగా పిలిచింది.

"రస్టీ. రా నాన్నా... ఎక్కు."

చెట్లలోంచి ఏ జవాబూ లేదు. పంపు మూతి నుంచి ఒక చుక్క రాలింది.

ఒక పిల్లవాడు అంత దూరం నుంచి చీకట్లో తిరిగి పరిగెత్తి రావడానికి ఎంతసేపు పడుతుందో, అంతసేపూ వాళ్ళు తలుపు మూయకుండా నిలబడ్డారు.